ముచుకుందుడి కొండ మీద మా టెంటు

మా చిన్నోడు డ్రాయింగ్ పరీక్షలో నదికి నల్లరంగు వేశాడు. కొండలు ఆకుపచ్చ, సూర్యుడు పసుపు, గుడిసె ఎరుపు. అన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయి. నది ఒక్కటే కటిక నలుపు. దానిమీద తెల్లని నురగ కూడా శ్రద్ధగా అద్దాడు. టీచరమ్మ మమ్మల్ని పిలిపించి, గొంతు తగ్గించి, "ఇంట్లో అంతా బాగానే ఉంది కదా సార్? పిల్లలు నలుపు ఎక్కువ వాడితే మనసులో ఏదో బాధ ఉన్నట్టు" అంది. బాధ ఇంట్లో లేదు, నాగోలు బ్రిడ్జి కింద ఉంది. పండగలకి సూర్యాపేట వైపు మా ఊరికి పోయేటప్పుడల్లా కారు అద్దాలు బిగించుకుని, ముక్కులు మూసుకుని దాటే మూసీయే వాడెరిగిన నది. చూసింది గీశాడు. న్యాయంగా అయితే పదికి పది వేయాలి.

ఆ సాయంత్రమే మా ఆవిడ తీర్మానం ప్రవేశపెట్టింది. పిల్లలకి అసలైన నది, అసలైన చెట్టు, అసలైన చీకటి చూపించాలి. అదీ హోటల్ గది కిటికీలోంచి కాదు, టెంటులో పడుకుని. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో ఇప్పుడు క్యాంపింగ్ జోరుగా నడుస్తోందని వాళ్ల ఆఫీసులో చెప్పారట. "పైగా మూసీ పుట్టేది అక్కడే. నది నీలంగా కూడా ఉంటుందని వీడికి తెలుస్తుంది" అంది. మా అమ్మాయి ఆరో తరగతి. "నీళ్లకి రంగుండదు మమ్మీ" అంది. తీర్మానం ఆ సవరణతో ఆమోదం పొందింది.

క్యాంపు అతను ఫోన్లో రేట్లు చెప్పాడు. రాత్రికి మనిషికి 1,500, చిన్నపిల్లలకి సగం, జీఎస్టీ అదనం. క్యాంప్ ఫైర్, బార్బెక్యూ, రెండు పూటల తిండి అందులోనే. టెంటు మనమే తెచ్చుకుంటే మనిషికి 200 తగ్గింపు. తగ్గింపు అన్న మాట చెవిన పడ్డాక ఆగే మనిషిని కాను నేను. ఆ రాత్రే ఆన్‌లైన్‌లో 4,800 పోసి టెంటు కొన్నాను. "నలుగురికి సరిపోతుంది, 3 సెకన్లలో దానంతటదే విచ్చుకుంటుంది" అని రాసి ఉంది. విచ్చుకోవడం గురించి అంత వివరంగా రాసినవాడు మడవడం గురించి ఒక్క ముక్క రాయలేదు.

ఇక మా అమ్మ. కార్తీకమాసం, అడవి, చెట్ల కింద తిండి అన్న మూడు మాటలు పక్క గదిలోంచి విని, ఇవి వనభోజనాలేనని తేల్చేసుకుంది. అప్పటికప్పుడే చీరలు సర్దుకుంది.

"ఆడ ఉసిరిచెట్టు ఉంటదా, కనుక్కో."

కార్తీకంలో ఉసిరిచెట్టు నీడన తినకపోతే అది వనభోజనం లెక్కలోకి రాదు. క్యాంపుకి మళ్లీ ఫోన్ చేసి, ఉసిరిచెట్టు ఉందా అని అడిగాను. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. "స్విమ్మింగ్ పూల్ ఉంది సార్" అన్నాడు.

"ఇంతకూ ఆడ పండుకుంటే మనిషికి ఎంతంట?" అంది అమ్మ. చెప్పాను.

"మంచమిస్తరా?"

"లేదమ్మా, నేల మీదే."

"మీద కప్పు?"

"టెంటు మనదే."

"మరి వాడిచ్చేదేందిరా?"

"జాగా. ఆకాశం. పైన జీఎస్టీ."

"అదెవ్వరికి?"

"గవర్నమెంటుకి."

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. "నా పెండ్లయిన కాణ్ణించి ఎండకాలమంత వాకిట్లనే పండుకున్న. ఒక్క తాసీల్దారన్న వచ్చి ఇంత కట్టమ్మా అని అడగలేదు" అని, తన మడత మంచం కారు మీద కట్టించింది. నేల మీద పడుకుంటే పొద్దున తనని లేపడానికి ఇద్దరు కూలోళ్లు కావాలని, ఆ ఖర్చు కూడా ప్యాకేజీలో ఉందో లేదో ముందే అడిగి పెట్టుకొమ్మని నాకు చెప్పింది. రైతుబజారుకి మనిషిని పంపి కాయలతో సహా ఉసిరికొమ్మ తెప్పించింది. వనభోజనానికి వనాన్ని ఇంటినుంచే మోసుకెళ్లిన కుటుంబం మాదే అయ్యుంటుంది.

ఆమె ఉత్సాహానికి ఇంకో కారణం కూడా ఉంది. మా పొలాలు మూసీ ప్రాజెక్టు కాలువ కింద. ఆ ప్రాజెక్టు 1963లో పూర్తయింది. అమ్మ కాపురానికి వచ్చేనాటికి కాలువకి ఇంకా కొత్తదనం పోలేదు. హైదరాబాదు అంతా తాగి, కడిగి, ఇక మాకొద్దని వదిలేసిన నీళ్లతో ఆమె యాభై ఏళ్లు వరి పండించింది. ఆ బియ్యం తిరిగి హైదరాబాదుకే వచ్చేవి. ఈ లావాదేవీలో ఎవరు ఎవరికి బాకీ అన్నది నేను తేల్చలేను గానీ, అమ్మ లెక్క మాత్రం స్పష్టం. "దాని తల్లిగారిల్లు ఎట్లుంటదో ఒకసారి చూడాలె" అంది.

శనివారం బయల్దేరాం. అప్పా జంక్షన్ దాటి చేవెళ్ల రోడ్డెక్కాక, అక్కణ్నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. ఆ దారి వెంట 900కి పైచిలుకు మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేయాలి కొట్టేస్తామని ఒకరు, కొట్టనివ్వమని ఒకరు హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు. ఆ పంచాయితీ ఏళ్లకేళ్లు నడిచింది. నడిచినంత కాలమూ చెట్లు ఊడలు దించుకుంటూ హాయిగా కూర్చున్నాయి. వాయిదాల వల్ల బాగుపడ్డ జీవులు ఈ దేశంలో ఇవొక్కటే అనుకుంటాను.

పిల్లలు మర్రిచెట్లు లెక్కపెట్టే పందెం వేసుకున్నారు. ఎడమ పక్కవి అమ్మాయివి, కుడి పక్కవి చిన్నోడివి. చేవెళ్ల వచ్చేసరికి ఒక చెట్టు మొదలు ఎడమ వైపు, కొమ్మలన్నీ కుడి వైపు ఉన్నాయని, అది ఎవరి ఖాతాలో వేయాలని వెనక సీట్లో యుద్ధం. మా ఆవిడ వెనక్కి తిరిగి, ఆ చెట్లని కొట్టేస్తారో లేదో తెలియదు గానీ మీ ఇద్దర్నీ మాత్రం ఇప్పుడే కొట్టేస్తానంది. ఈ కేసులో వాయిదా లేదు.

వికారాబాద్ ఊరు దాటి కొండ ఎక్కితే అనంతపద్మనాభస్వామి గుడి. కార్తీకం కాబట్టి జనం. జనం ఉన్నారు కాబట్టి కోతులు. కారు తలుపు తీసి అమ్మ కాలు కింద పెట్టిందో లేదో, ఒక కోతి నింపాదిగా వచ్చి ఆమె చేతిలోని ఉసిరికొమ్మ అందుకుని గోడెక్కింది. అమ్మ "ఓసి నీ ఇల్లు బంగారం గానూ" అని మొదలుపెట్టి, గుడి ముందు నిలబడి ఉన్నామని గుర్తొచ్చి, మిగతాది మనసులోనే కానిచ్చింది. కోతి ఒక కాయ కొరికింది. దాని ముఖంలో కనిపించిన నిరాశ నేను మనుషుల్లో కూడా అరుదుగా చూశాను. ఆ కాయని సరిగ్గా నా నెత్తిన వేసి, రెండోది కొరికి, అదీ నాకే ఇచ్చింది. కొమ్మలోని కాయలన్నీ నమ్మకం కోల్పోకుండా ఒక్కొక్కటే పరీక్షించింది.

గుడి దగ్గర మెట్లు దిగితే చెట్ల మధ్య కోనేరు, ఊటనీళ్లు. మూసీ పుట్టిల్లు ఇదేనని చెప్పగానే చిన్నోడు ముక్కు మూసుకున్నాడు. అలవాటు. మా ఆవిడ బతిమాలి, బెదిరించి, చివరికి ఒక చాక్లెట్ ఆశ చూపించి వేళ్లు తీయించింది. వాడు కొంచెం కొంచెంగా గాలి పీల్చి, "వాసన రావట్లేదు. ఇది మూసీ కాదు" అని తీర్పు చెప్పాడు.

మా అమ్మాయి అనుమానం వేరు. ఎత్తునుంచి ధారగా దూకి, కింద నురగలు కక్కితే తప్ప దాని దృష్టిలో నది పుట్టినట్టు కాదు. "నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి? స్టార్టింగ్ పాయింట్ ఎక్కడ?" అని రాళ్ల వెనక వెతికింది. ఈ కొండల నెత్తినంతా ఎర్రటి రాయి. బెజ్జాలు బెజ్జాలుగా ఉంటుంది. అందులోని ఇనుము తుప్పు పట్టబట్టే ఆ రంగు. దాన్ని లేటరైట్ అంటారు. వానాకాలంలో పడ్డ నీళ్లని అది లోపలికి పీల్చుకుంటుంది. ఆ నీళ్లు దిగి దిగి, అడుగున గట్టి నల్లరాయి తగిలాక ఇక దారి లేక పక్కలకి తిరిగి ఊటగా బయటికొస్తాయి. ఇదంతా చేతులు తిప్పుతూ వివరించాను. అది శ్రద్ధగా విని, "అంటే మన బాత్రూం సీలింగ్ లాగా కొండ లీకవుతోంది" అంది. మా పై ఫ్లాటు వాళ్ల వల్ల మూడేళ్లుగా నేను పడుతున్న బాధలో ఒక మహానది సూక్ష్మంగా దాగి ఉందని నాకు తట్టలేదు.

అక్కడే ఇంకో సంగతి కూడా చెప్పాను. ఈ కొండలకి తూర్పున పడ్డ చినుకు మూసీలో చేరి, గండిపేట మీదుగా హైదరాబాదు నడిబొడ్డునుంచి పోయి, మొత్తం 240 కిలోమీటర్లు నడిచి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వైపు పడ్డ చినుకు కాగ్నాలోకి దిగి, తాండూరు మీదుగా కర్ణాటక పోయి, భీమలో చేరి, ఆ భీమతో పాటు కృష్ణలోనే కలుస్తుంది. "ఇద్దరూ పోయేది ఒకే ఇంటికైతే ఒకే కారులో పోవచ్చుగా?" అన్నాడు చిన్నోడు. మా బంధువుల పెళ్లిళ్లకి నేనూ ఇదే మాట చెప్పి చెప్పి విసిగిపోయాను.

కోనేరు దిగువన నీళ్లు సన్నగా పారే చోట వాడు ఒక్క అంగలో ఇవతలి నుంచి అవతలికి దూకి, "మూసీని దాటేశా!" అని చేతులెత్తాడు. పోనీ, ఆ గౌరవం ఉంచుకోనీ. ఈ సన్నటి ధారే 1908 సెప్టెంబరు 28న ఉప్పొంగి హైదరాబాదుని ముంచేసింది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక్క చింతచెట్టెక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. చిన్నోడు అంతా విని, నీళ్లవైపు కొత్త మర్యాదతో చూసి, ఈసారి పక్కనున్న రాళ్ల మీదుగా తిరిగొచ్చాడు.

అమ్మ మెట్ల మీద కూర్చుని కాళ్లు నొక్కుకుంటూ అసలు కథ ఎత్తుకుంది. ముచుకుందుడని ఒక మహారాజు. దేవతల పక్షాన ఏళ్ల తరబడి యుద్ధాలు చేసి అలిసిపోయాడు. ఏం వరం కావాలో కోరుకొమ్మంటే, రాజ్యం కాదు, స్వర్గం కాదు, "నన్నెవరూ లేపకుండా నిద్రపోనివ్వండి" అన్నాడట. లేపినవాడు ఆయన చూపుకి బూడిద అవుతాడు. అలా ఈ కొండగుహలోకి వచ్చి పడుకున్నాడు. కాలయవనుడు తరుముకొస్తుంటే కృష్ణుడు ఈ గుహలోకే దూరి, తన పైబట్ట తీసి నిద్రపోతున్న ఆయన మీద కప్పి, మూలన నక్కాడు. కాలయవనుడు వచ్చి, కృష్ణుడే ముసుగుతన్ని పడుకున్నాడనుకుని ఒక్క తన్ను తన్నాడు. ముచుకుందుడు కళ్లు తెరిచాడు. బూడిద. మూసీని ముచుకుందా నది అనడం ఆయన పేరు మీదేనని ఇక్కడి స్థలపురాణం.

మా ఆవిడ చాలాసేపు గుహల వైపు చూస్తూ ఉండిపోయింది. "అన్నీ తెలిసిన మనిషి. ఇంకెవరైనా అయితే బంగారం అడిగేవాళ్లు" అంది. "మమ్మీ, నాకు ఆ వరం ఉంటే, స్కూల్ బస్సుకి నువ్వు నన్ను లేపినప్పుడు..." అని చిన్నోడు ఆగి, తల్లిని ఒకసారి పైనుంచి కిందికి చూసి, లెక్క వేసుకుని, మళ్లీ నీళ్లలో రాళ్లు విసరడానికి పోయాడు.

క్యాంపుకి చేరేసరికి నాలుగు దాటింది. 'ప్రకృతి ఒడిలో ప్రశాంతత' అని బోర్డు, బోర్డుకి ఆనుకుని ఆరడుగుల స్పీకరు. ఒక సాఫ్ట్‌వేర్ బృందం టీమ్ బిల్డింగ్ కోసం వచ్చి, అప్పటికే స్విమ్మింగ్ పూల్‌లో రెండు టీములుగా విడిపోయింది. నేను టెంటు సంచీ జిప్పు లాగాను. 3 సెకన్లన్నారు గానీ అంత కూడా పట్టలేదు. అది ధడేల్మని లేచి, నా కళ్లజోడు ఎగరగొట్టి, గాల్లో ఒక మొగ్గ వేసి, అచ్చం బొమ్మలో ఉన్న ఆకారంలో నేల మీద నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "మళ్లీ చెయ్యి డాడీ" అన్నారు.

రాత్రి తిండి గురించి ఎక్కువ చెప్పను. బార్బెక్యూ అంటే కోడి. కార్తీకంలో మా ఇంట్లో కోడి ఊసు కూడా ఉండదు. శాకాహారులకి పుల్లకి గుచ్చిన అనాసపండు, క్యాప్సికమ్ ఇచ్చారు. అమ్మ ఆ పుల్లని అటూ ఇటూ తిప్పి చూసి, కొంగు బిగించి, తన సంచీలోంచి మక్క కంకులు తీసి, పొయ్యి దగ్గరి అబ్బాయిని "నువ్వు జరుగు బిడ్డా" అని పక్కకి నెట్టింది. ఇక్కడి తండాకి చెందిన ఆ అబ్బాయి సంతోషంగా జరిగాడు. నిమ్మచెక్క, ఉప్పు, కారం రాసి ఇస్తుంటే పది నిమిషాల్లో సాఫ్ట్‌వేర్ బృందమంతా ఆమె ముందు క్యూ కట్టింది. టీమ్ అంటూ అప్పుడే నిజంగా బిల్డయింది.

పడుకునే ముందు మంచం మీద అమ్మ, ఆమెకి చెరో పక్కన పిల్లలు. నక్షత్రాల పేర్లు చెప్పే యాప్ ఒకటి వేసుకొచ్చాను గానీ అక్కడ సిగ్నల్ లేదు. అమ్మ తూర్పున చిన్న గుంపుని చూపించి, "అదే పిల్లలకోడి. కృత్తికలంటే అవే. మేం పొలం కావలికి పోతే అది నడినెత్తిమీదికి రాంగనె ఇంత పొద్దయిందని ఎరుకయ్యేది" అంది. మా అమ్మాయి ఆరు లెక్కపెట్టింది. చిన్నోడు పదకొండు లెక్కపెట్టాడు. వాడికి మర్రిచెట్ల పందెంలో ఓడిపోయిన బాకీ ఉంది.

నలుగురికి సరిపోతుందన్న మాట అబద్ధం కాదు. ఆ నలుగురూ ఊపిరి తీసుకునేవాళ్లని మాత్రం వాళ్లెక్కడా రాయలేదు. చిన్నోడు నిద్రలో గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతాడు, మా అమ్మాయి దానికి ఎదురు దిశలో. వాళ్ల నాలుగు కాళ్లూ కలిసే చోట నా పక్కటెముకలున్నాయి. నా వెన్ను కింద ఒక రాయి. పగలు ఆ చోట రాయి లేదని ప్రమాణం చేసి చెప్పగలను. బయట స్పీకరు. పది తర్వాత పాటలు ఆపాలని నియమం ఉంది, పదింటికి ఆ నియమాన్ని మైకులో గట్టిగా చదివారు కూడా. ఆ తర్వాత పాటలు సాగాయి. పన్నెండుకి ఎవరిదో పుట్టినరోజు. ఆ అమ్మాయికి నా తరఫున కూడా శుభాకాంక్షలు. చీకట్లో పడుకుని ముచుకుందుడి గురించి ఆలోచించాను. అంత పెద్ద యోధుడికి దేవతలు వరంగా ఇచ్చిన సరుకుని, అదే కొండ మీద, నేను డబ్బు కట్టి పోగొట్టుకుంటున్నాను.

పన్నెండున్నర ప్రాంతంలో ఉన్నట్టుండి స్పీకరు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక శబ్దం వినిపించింది. లోతుగా, బరువుగా, నేలను రాసుకుంటూ వచ్చి, ఒక చోట ఆగి, ముక్కులోంచి గట్టిగా ఊది, మళ్లీ మొదలయ్యే శబ్దం. బయట ఎవరో గుసగుసగా, "బ్రో, అడవిపంది" అన్నారు. ఇంకొకరు, "ఒకటి కాదు బ్రో, మంద" అన్నారు. చెప్పుల చప్పుడు, కార్ల తలుపులు పడిన చప్పుడు. టీమ్ చెదిరిపోయింది.

మా ఆవిడ కూడా లేచి కూర్చుంది. కాసేపు చెవి రిక్కించి, మళ్లీ పడుకుంది. "అత్తమ్మ" అంది.

నిజమే. హైదరాబాదులో గోడలు, ఫ్యాన్లు, పక్కవాళ్ల టీవీలు అడ్డం పడి మా అమ్మ గురక పూర్తి స్థాయిలో ఎప్పుడూ వినలేదు మేము. అనంతగిరి లోయ దాన్ని అందుకుని, రెట్టించి, తిరిగి పంపిస్తోంది. నేను బయటికి వచ్చేసరికి ఆలస్యమైంది. మేనేజరూ, తండా అబ్బాయీ, వాచ్‌మనూ కర్రలు పట్టుకుని, పెద్ద టార్చీ వేసుకుని, అడుగులో అడుగు వేస్తూ దుప్పటి ముసుగుతన్నిన మంచం వైపు వస్తున్నారు. "ఆగండి" అని నేను అనేలోపే వాచ్‌మన్ కర్ర చివరతో దుప్పటిని మెల్లగా కదిపాడు.

అమ్మ కళ్లు తెరిచింది. టార్చీ వెలుతురు ముఖాన పడుతుంటే లేచి కూర్చుని, ఒక్కొక్కరినీ వరసగా చూసింది. మాట లేదు. మేనేజరు తల దించుకున్నాడు. వాచ్‌మన్ కర్ర కింద పడేశాడు. ఆ చూపు చివరికి నా మీదికి వచ్చి ఆగింది. నాకు నలభై అయిదేళ్లు, ఇద్దరు పిల్లలు, నెలనెలా కట్టే ఇంటి లోను ఉంది. అవన్నీ ఆ క్షణంలో బూడిదయ్యాయి. "పైసలు కట్టింది పండుకోనికే కదరా" అని ఒక్క మాట అని, ముసుగు తన్ని, రెండో నిమిషంలో మళ్లీ అందుకుంది. కార్లలో తలదాచుకున్న సాఫ్ట్‌వేర్ బృందానికి మేనేజరు వెళ్లి ఏం చెప్పాడో నాకు తెలియదు. తెల్లవార్లూ పాట మాత్రం లేదు.

పొద్దున నెమళ్ల కూతలకి లేచాం. పిల్లలకి అడవి నిజంగా దొరికింది అప్పుడే. తండా అబ్బాయి వాళ్లని పొదల్లోకి తీసుకెళ్లి, పండిన సీతాఫలం కన్నులు విచ్చుకోవడం చూసి ఎలా కోయాలో చెప్పాడు. మెత్తటి దుమ్ములో గరాటు ఆకారంలో ఉన్న చిన్న చిన్న గుంటలు చూపించి, అంచున ఒక చీమని వదిలాడు. చీమ జారింది. అడుగున దాక్కున్న పురుగు దుమ్ము విసిరింది. చీమ ఇంకా జారింది, మాయమైంది. చిన్నోడు బోర్లా పడుకుని, ముఖం నేలకి ఆనించి, గంటసేపు కదల్లేదు. స్విమ్మింగ్ పూల్, జిప్‌లైన్, నేను కట్టిన మిగతా డబ్బులన్నీ ఆ వేలెడంత గుంట ముందు దండగ. మా అమ్మాయి ఎర్రరాయి ముక్క ఒకటి ఏరుకుని, దానిమీద నీళ్లు పోసి, ఎంతసేపటికి కింద కారుతుందో వాచీ పట్టుకుని చూసింది.

తర్వాత టెంటు మడవబోయాను. ఒక అంచు పట్టుకుని తిప్పితే ఎనిమిది ఆకారంలోకి వస్తుందని, ఆ ఎనిమిదిని మడిస్తే సున్నా అవుతుందని సంచీ మీద బొమ్మ ఉంది. నాకు ఎనిమిది వచ్చింది. సున్నా రాలేదు. మా ఆవిడ పట్టుకుంటే తొమ్మిది వచ్చింది. రాత్రి కార్లలో పడుకున్న సాఫ్ట్‌వేర్ బృందం వచ్చి సమస్యని మూడు భాగాలుగా విడగొట్టి, ముగ్గురికి అప్పగించింది. ముగ్గురూ టెంటు లోపల ఇరుక్కున్నారు. మేనేజరు చూసిపోయాడు. చివరికి మడత మంచం కారు మీద వేసి, దానిమీద విచ్చుకున్న టెంటుని విచ్చుకున్నట్టే బోర్లించి, తాడుతో బిగించాం. మంచాన్ని అమ్మ ఒంటిచేత్తో, ఒక్క తన్నుతో మడిచేసిందన్న సంగతి ఇక్కడ రాయడం నాకిష్టం లేదు.

దారి పొడుగునా ఆ టెంటు గాలి మింగి ఉబ్బుతూ, తగ్గుతూ వచ్చింది. చేవెళ్ల దగ్గర టీకి ఆగితే, కొట్టు ముందు బెంచీ మీది పెద్దాయన దాన్ని చాలాసేపు చూసి, నా వైపు తిరిగి సానుభూతిగా, "పెండ్లా? దినమా?" అని అడిగాడు. ఇంతవరకూ జరిగినదాన్ని బట్టి నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఇంట్లో ఆ ఆకారం గుమ్మం పట్టలేదు. మెట్ల మీదుగా మోసి మేడ మీద పెట్టాం, ఎవరైనా మడిచేవాడు దొరికేదాకా. ఇక పిల్లలు ఆ రాత్రి నుంచి అందులోనే పడుకుంటామన్నారు. పిల్లలు పైనుంటే అమ్మ కింద ఉండదు, మంచమూ పైకి పోయింది. రెండో రోజుకి అపార్ట్‌మెంట్ సెక్రటరీ గ్రూపులో మెసేజ్ పెట్టాడు: మేడ మీద గుడారాలు, మంచాలు, పడకలు నిషేధం. అది గట్టిగా చెప్పడానికి స్వయంగా పైకి వచ్చాడు. అమ్మ అప్పుడే కాలయవనుడిని గుహలోకి తెస్తోంది. ఆయన కథయ్యేదాకా ఆగుదామని ట్యాంకు గట్టు మీద కూర్చున్నాడు. మర్నాడు వాళ్ల మనవరాలిని కూడా తెచ్చాడు. వారం తిరిగేసరికి మూడు బ్లాకుల పిల్లలు చాపలు పట్టుకుని పైకి ఎక్కడం మొదలుపెట్టారు.

శుక్రవారం నోటీసు బోర్డులో కంప్యూటర్ అక్షరాల్లో కాగితం వెలసింది: 'మేడ మీద వెన్నెల రాత్రి. ఫ్లాటుకి 300, అతిథులకి 500. చాపలు ఎవరివి వారే తెచ్చుకోవలెను. వసూలైన సొమ్ము లిఫ్టు మరమ్మతు నిధికి.' కింద చిన్న అక్షరాల్లో 'పురాణ కథలు, నక్షత్ర దర్శనం కలవు' అని కూడా ఉంది.

మా అమ్మాయి చదివి వినిపించింది. అమ్మ మక్క కంకి వొలుస్తూ విన్నది.

"జీఎస్టీ ఉన్నదా?"

"లేదు నానమ్మా."

"మంచం నాది, కథ నాది" అని గింజలు గిన్నెలో పోసి, నా వైపు తిరిగింది. "పోయి సగం అడుగు. ఇయ్యనంటే, ఆ టెంటు ఆయన్నే మడవమను."